మెడలో దూరిన మేనేజరు

సభ్యులు రాని సోమవారం బంతులు కొట్టి చూసుకుంటున్న నెలియా, పిడుగుల సైరన్ మోగుతుంటే పరిగెత్తి లోయ అంచున ఉన్న వానగుడిసెలో దూరిందనీ, లోపల అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడనీ చెప్పి పోయినవారం ఆపాను. ఆ మనిషి సెలో. సాన్ హసింతో గోల్ఫ్ క్లబ్బులో ఏ క్యాడీ ఎదురుపడినా మొహం తిప్పుకుని పోయేది ఈ సెలోని చూసే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి సంగతి సూటిగా చెప్పేస్తాను. ఆ క్లబ్బులో ఆటగాళ్ళ బ్యాగులు మోసే క్యాడీలు సమ్మె చేశారు. గేటు బయట టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. ఓడిపోయారు. పూర్తిగా ఓడలేదు, ఒక్క ముక్క దక్కించుకున్నారు. ఏటా సంఘం ఎంచి పంపిన ఒక్క క్యాడీని క్లబ్బు ఖర్చుతో కోచ్ పరీక్ష ఆడనివ్వాలి. ఈ ఏడు సంఘం పంపుతున్నది తన అధ్యక్షురాలినే, నెలియా దిమాపిలిస్‌ని. పరీక్ష వచ్చే సోమవారం.

నెగ్గితే ఆమె చేతికి కోచ్ కార్డు వస్తుంది. ఆ కార్డు మేనేజరు ఇచ్చేదీ కాదు, పీక్కునేదీ కాదు. నెగ్గకపోతే ఇప్పుడున్న చోటే ఉంటుంది. ఇప్పుడున్న చోటంటే తీగ కంచె బిగించిన క్యాడీల షెడ్డులో ఒక బెంచీ. సమ్మె నడిపినందుకు మేనేజరు ఆమెని తీసెయ్యలేదు. అంత తెలివితక్కువవాడు కాదు. పొద్దునే రమ్మంటాడు, బ్యాగు మాత్రం ఇవ్వడు. సాయంత్రందాకా పిలుపు రాదు. లేచి ఇంటికి పోతే పని వదిలేసినట్టు. కూర్చుంటే ఆకలి. కోళ్ళ గంపలో కోడి ఇంతకన్నా నయం, దానికి గింజలైనా వేస్తారు.

ఇక సెలో. అతనూ మాలాంటి క్యాడీయే. సమ్మె మొదలైన మొదటి పొద్దునే అందరూ చూస్తుండగా బ్యాగు భుజానికేసుకుని గేటు దాటి లోపలికి పోయిన మనిషి. సమ్మె విరిగాక మేనేజరు అతన్ని ప్రాక్టీసు మైదానంలో కోచ్‌గా కూర్చోబెట్టాడు. సంఘం ఒక రూలు పెట్టుకుంది. సెలోతో ఎవరూ మాట్లాడకూడదు, ఏ సంబంధమూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నవాళ్ళు సంఘంలో ఉండరు. చేతులెత్తి ఒప్పుకున్నది అందరూ. లేచి నిలబడి ఆ రూలు అడిగింది నెలియా.

ఆ ఇద్దరే ఇప్పుడు ఒకే రేకు కింద ఉన్నారు.

బయటికి పోదామంటే పోయే దారి లేదు. చేతిలో ఇనుప కర్ర, నెత్తిన నల్లటి ఆకాశం. ఇందాకే అవతల గట్టు మీద కొబ్బరిచెట్టు మొవ్వులో పిడుగు పడి పొగ లేచింది. ప్రమాదం పోయిందని చెప్పే పొడుగు సైరన్ మోగేదాకా గుడిసె దాటకూడదన్నది క్లబ్బు రూలు. నెలియా పాటించే క్లబ్బు రూళ్ళలో ఇదొక్కటే మనస్ఫూర్తిగా పాటించేది. ఆమె మూలకి జరిగి, అతనికి వీపు పెట్టి, వాన వైపు చూస్తూ నిలబడింది. గుడిసె చిన్నది. ఎంత జరిగినా అతని తడి తువ్వాలు వాసన వస్తూనే ఉంది.

సెలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, ఎముకల గూడు. గుప్పెడు కాయలు తీసి బెంచీ మధ్యలో పెట్టాడు. నెలియా అటు చూడలేదు. చూడకుండా ఉండటానికి బాగా కష్టపడింది. పొద్దున తాగింది పలచటి గంజి.

"వానా," అన్నాడు సెలో, "నేను ఈ అమ్మాయితో మాట్లాడట్లేదు. నీతో మాట్లాడుతున్నాను. నీకు సంఘం లేదు కదా."

నెలియా కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"వానా, పొద్దున్నుంచీ చూస్తున్నా. బంతి కొడుతుంది, అది బురదపురుగులా పాకుతుంది. చేతులు మార్చి పట్టుకుంటుంది, మళ్ళీ కొడుతుంది, మళ్ళీ పాకుతుంది. పాపం ఆ చేతులేం చేశాయి? వాటినెందుకు అంత హింసపెట్టడం?"

నెలియా ఇంకాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమె కూడా వానతోనే మాట్లాడింది. "వానా, ఈ ముసలాయనకి చెప్పు. గేటు దాటిన కాళ్ళని ఎవరూ హింసపెట్టలేదు, నా చేతుల సంగతి ఆయనకెందుకని."

సెలో నవ్వలేదు. నొచ్చుకోనూ లేదు. ఇంకో కాయ ఒలిచాడు.

నెలియా ఊపు గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకి ఆట ఎవరూ నేర్పలేదు. బ్యాగులు మోస్తూ, చూస్తూ, సోమవారాలు సభ్యులు రానప్పుడు విరిగిన కర్రలతో కొడుతూ నేర్చుకుంది. గుంట దగ్గర మెల్లగా నెట్టే బంతుల్లో ఆమెని మించినవాళ్ళు మా షెడ్డులో లేరు. దూరం కొట్టాల్సి వస్తేనే చిక్కు. నాలుగు బంతుల్లో ఒకటి గాల్లోకి లేవదు. కర్ర అంచు బంతి నెత్తిన తగులుతుంది, బంతి గడ్డిలో పాక్కుంటూ పోతుంది. ఇంతకు ముందు ఒకసారి సొంతంగా డబ్బు కట్టి పరీక్ష ఆడితే, ఇదిగో ఈ లోయ దగ్గరే మునిగింది.

బాగుచేసుకోవడానికి ఆమె చెయ్యని పని లేదు. పిడికిలి బిగించమంది అతె ఫే. అతె ఫే షెడ్డులో అందరికీ పెద్దక్క, సమ్మెలో వంట గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషి, ఆమె చెప్తే నెలియా నీళ్ళల్లో దూకమన్నా దూకుతుంది. బిగించింది. మోకాళ్ళు వంచమన్నాడు సంఘం లాయరు. వంచింది. లాయరుకి గోల్ఫు రాదు, అయినా వంచింది. మనవాడు కదా. ఫోనులో వీడియోలు చూసి ఊపిరి బిగబట్టింది, ఊపిరి వదిలింది, కడుపు లోపలికి లాక్కుంది.

ఒకసారి బ్యాగు మోస్తూ ఖాళీలో బంతి కొట్టి చూసుకుంటుంటే ఒక సభ్యుడి భార్య ఈ నెలియాతోనే, నువ్వు తొందరపడి పైకి చూస్తున్నావమ్మా అంది. నెలియా వినయంగా తలూపి, షెడ్డుకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ మాటని ఆవిడ గొంతుతో అని చూపించి అందరినీ పొట్టలు పట్టుకుని నవ్వేలా చేసింది. మేమూ నవ్వాం. ఆ మాట నిజమా కాదా అని ఒక్కరం అడగలేదు. ముత్యాల దండ వేసుకున్న నోట్లోంచి వచ్చింది కాబట్టి అది మాట కాదనుకున్నాం. మనుషుల్ని రెండు వరసల్లో నిలబెట్టడం సమ్మెకి అవసరం. మాటల్ని కూడా ఆ వరసల్లోనే నిలబెట్టుకుంటూ పోతే ఎక్కడికి చేరతామో మా కరపత్రాల్లో ఎక్కడా లేదు.

గాలి తిరిగి జల్లు లోపలికి కొట్టింది. నెలియా తప్పనిసరై బెంచీ వైపు రెండడుగులు జరిగింది. సెలో లేచాడు. గుడిసె పక్క కంచెగా పెంచిన నూరువరహాల మొక్కల్లోకి చెయ్యి చాపి ఎర్రదీ పసుపుదీ చెరో గుత్తి తుంపుకున్నాడు. కూల్‌డ్రింకు సీసా మూతలు జేబులోంచి గుప్పెడు తీసి, ఒకటి నేల మీద పెట్టాడు.

"కొట్టు," అన్నాడు. ఇప్పుడు వానతో కాదు. "పూర్తిగా ఊపక్కర్లేదు, రేకు తగులుతుంది. సగం చాలు. మూత ఎగిరాక దాని కింద ఏం పెట్టానో చెప్పు. వంగకూడదు."

నెలియా అతన్ని అసహ్యంగా చూసింది. అలాంటి ఆటలు ప్రాక్టీసు మైదానంలో డబ్బున్న పిల్లలతో ఆడుకోమంది. సెలో భుజాలెగరేసి మళ్ళీ కూర్చున్నాడు. వాన తగ్గలేదు. ఆమె కాసేపు నిలబడింది. కాసేపు కర్రకి అంటిన బురద గోకింది. చేతిలో కర్ర, ఎదురుగా కొట్టడానికి ఒక వస్తువు ఉంటే ఏ క్యాడీ చేతులూ ఊరుకోవు. ఆమె అతని కోసం కాదన్నట్టు మొహం పెట్టి మూతని కొట్టింది. అది గింగిరాలు తిరుగుతూ వానలోకి పోయింది.

"కింద ఏముంది?"

"ఎర్ర పూరేకు."

"ఏమీ లేదు. నేనేమీ పెట్టలేదు."

నెలియాకి ఒళ్ళు మండింది. మోసగాడని తెలిసీ ఆడటం తనదే బుద్ధితక్కువంది. సెలో ఒప్పుకున్నాడు, మోసమే. ఈసారి నిజంగా పెడతానన్నాడు. ఆమెని అటు తిరగమని, ఏదో పెట్టి, మరో మూత కప్పాడు.

ఈసారి ఆమె పంతం మీద ఉంది. చూస్తాను, చూసి వీడి నోరు మూయిస్తాను అనుకుంది. కళ్ళు మూత మీద మేకుల్లా దిగ్గొట్టింది. ఊపింది. కర్ర మూతకి తగిలే లోపే, ఎవరో వెనక నుంచి జుట్టు పట్టి గుంజినట్టు తల పైకి లేచింది. మూత ఎక్కడ పడిందో ఆమెకి స్పష్టంగా తెలుసు. ఎడమ పక్క గుంజకి అవతల, నీటిమడుగులో. దాని కింద ఏముందో మాత్రం తెలీదు.

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ పెట్టమంది. ఆపుదామంటే మెడ ఆమె మాట వినట్లేదు. తన ఒంట్లో ఒక భాగం తనది కానట్టు, ఇంకెవరి జీతానికో పనిచేస్తున్నట్టు అనిపించి ఆమెకి భయం వేసింది. కర్ర గోడకి ఆనించి బెంచీ చివర కూలబడింది.

సెలో అడిగాడు, నువ్వు మొదటిసారి ఒకరి బంతి పోగొట్టింది ఎక్కడ అని.

అలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఆ ప్రశ్నకి జవాబు లేని క్యాడీ ఈ దేశంలో ఉండదు. ఆమె కొత్తగా చేరిన రోజుల్లో, ఒక అతిథి కొట్టిన బంతి లోయ గడ్డిలో పడింది. అందరూ గుటకలేస్తూ చల్లటి బీరు తాగడానికి క్లబ్బులోకి పోయారు. క్యాడీ మాస్టరు మాత్రం బంతి దొరికేదాకా పైకి రావద్దన్నాడు. నిలువెత్తు గడ్డి, కోసుకుపోయే ఆకులు, కాళ్ళకి జలగలు. చీకటి పడింది. ఆ బంతి దొరకలేదు. ఇంకెవరిదో పాత బంతి దొరికితే అది పట్టుకుని పైకొచ్చి దొంగలా నిలబడింది. ఆ తర్వాత పిలుపు లేకుండా చాన్నాళ్ళు కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ ఆమె కళ్ళ ముందు ఏ బంతీ తప్పిపోలేదు. సభ్యులు ఆమెనే కావాలని అడిగేవాళ్ళు. నెలియా ఉంటే బంతి పోదు. అది ఆమె పేరు, ఆమె గొప్ప, ఆమె అన్నం.

ఇదంతా ఆమె అతనికి చెప్పలేదు. "ఇక్కడే. ఈ లోయలోనే," అంది అంతే.

"నాది అవతల చెరువులో," అన్నాడు సెలో. "ఇనెంగ్, అమ్మాయీ, నీ చేతులు బావున్నాయి. మోకాళ్ళు బావున్నాయి. నీకు కొట్టే కళ్ళు లేవు, మోసే కళ్ళున్నాయి. ఆటగాడి కళ్ళు బంతి ఉన్నచోట ఉంటాయి. క్యాడీ కళ్ళు బంతి పడబోయే చోట ఉంటాయి, కొట్టకముందే పోతాయి. పోకపోతే శిక్ష. నువ్వు నీ ఆట ఆడుతున్నప్పుడు కూడా ఎవరిదో బ్యాగు మోస్తూనే ఉన్నావు."



ఆమె ఎన్ని మీటింగుల్లో చెప్పిందో. మనం వాళ్ళ సొత్తు కాదు, మన ఒళ్ళు మనదే అని. మైకు లేకుండా గేటు అవతలికి వినబడేలా అరిచి చెప్పింది. ఇన్నాళ్ళూ మేనేజరు ఆఫీసులో ఉన్నాడనుకుంది. తీగ కంచెకి అవతల ఉన్నాడనుకుంది. వాడు ఆమె మెడలో దూరి కూర్చుని, కర్ర ఊపిన ప్రతిసారీ జుట్టు పట్టి లాగుతున్నాడు. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి లోకంలో ఇంకెవరూ దొరకలేదు. మేనేజరు పక్షాన గేటు దాటిన మనిషే దొరికాడు.

అబద్ధమై ఉంటే బావుండునని ఆమె గట్టిగా కోరుకుంది. అబద్ధమనడానికి ఏ దారీ కనబడలేదు. మెడ నరం ఇంకా గుంజుతూనే ఉంది.

"నీకెందుకు ఇదంతా?" అంది. "జాలా? పాపం కడుక్కోవడమా?"

జాలి లేదన్నాడు సెలో. ఆ ఊపు చూస్తుంటే తనకి పన్ను సలుపుతున్నట్టు ఉంటుందన్నాడు. ప్రాక్టీసు మైదానంలో రోజంతా చేతకాని ఊపులు చూస్తాడట, వాటికి నొప్పి ఉండదట. చేతనైన మనిషి చెడగొట్టుకుంటుంటే ఓర్చుకోలేడట. పాపం గురించి మాత్రం అతను ఏమీ అనలేదు.

ఆమె వదల్లేదు. "మరి నీ మెడలో లేడా మేనేజరు?"

"ఉండేవాడు. ఆట కోసం మెడలోంచి తోలేశాను, ఏళ్ళు పట్టింది." సెలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మిగతా ఒంట్లోంచి పోలేదు. ఆవేళ గేటు దగ్గర మీ అందరి మొహాలూ చూశాను. వెనక్కి తిరుగుదామనే అనుకున్నాను. కాళ్ళు వాటంతటవే లోపలికి పోయాయి. క్షమించమని అడగను. రేపు మళ్ళీ సమ్మె చేస్తే మళ్ళీ పోతానేమో కూడా, నాకు తెలీదు."

ఇలాంటి మనిషిని ఏం చేసుకోవాలి? మంచివాడని తేలితే పని సులువయ్యేది, పెళ్ళాం జబ్బనో పిల్లల ఆకలనో ఒక కారణం చెప్తే మనం ముక్కు చీదుకుని క్షమించేసేవాళ్ళం. అతను అలాంటిదేమీ చెప్పలేదు. పిరికివాడినన్నాడు, ఇకముందు కూడా అంతేనేమో అన్నాడు. పిరికివాడి నోట్లో ఉన్నంత మాత్రాన ఆమె మెడ గురించిన నిజం కుళ్ళిపోలేదు. నెలియా ఆ రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఒకటి కింద పడేస్తే రెండోది మొయ్యడం తేలికయ్యేది. ఏదీ పడెయ్యలేకపోయింది.

చివరికి బెంచీ మీద వేరుశెనక్కాయ ఒకటి తీసుకుని ఒలిచి నోట్లో వేసుకుంది. ఉప్పు ఎక్కువైంది.

"ఎలా తోలావు?" అంది.

సెలో లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆమెని బంతి కొట్టే తీరులో నిలబడమన్నాడు. చెయ్యి చాపి అరచెయ్యి ఆమె నుదుటికి ఆనించాడు. గట్టిగా కాదు, గోడ ఉన్నట్టు. తల లేచినప్పుడు లేచిందని నీకు తెలియాలి, ముందు అంతకన్నా ఏమీ వద్దన్నాడు. ఆమె మెల్లగా ఊపింది. నుదురు అరచేతిని తోసింది. మళ్ళీ ఊపింది. మళ్ళీ తోసింది. మూత మళ్ళీ పెట్టాడు. ఎక్కడ పడుతుందో చూడమని ఆమె మెడ గుంజింది. పడనీ, నాకేం పోయింది, అది ఎవడిదీ కాదు అని ఆ మెడకి నచ్చజెప్పుకుంది.

ఎన్నోసారికో నుదురు అరచేతిలో అలాగే ఉండిపోయింది. మూత లేచిపోయింది. అది ఉన్నచోట ఒక చిన్న పసుపుపచ్చ రేకు, తడి సిమెంటుకి అతుక్కుని ఉంది.

"పసుపు," అంది నెలియా.  మూత ఎక్కడ పడిందో ఆమెకి తెలీదు. ఒక వస్తువు తన చేతిలోంచి పోయింది, అది ఎక్కడ పడిందో తనకి తెలీదు, ఎవరూ తనని లోయలోకి తొయ్యలేదు. అంతే. ఏడుపొచ్చింది. ఇతని ముందు ఏడవకూడదని మొహం వానలోకి పెట్టింది.

పొడుగు సైరన్ మోగింది. గుడిసె విడిచే వేళయింది. వాన సన్నటి తుంపరైంది.

వెళ్ళిపోవచ్చు. ఎవరూ చూడలేదు. తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది, మిగతాది ఇంట్లో అద్దం ముందు చేసుకోవచ్చు. నెలియా అలాగే అనుకుని బ్యాగు భుజానికేసుకుంది. లోయ అంచున బంతి పెట్టే చోటు దాటుతూ ఆగిపోయింది. పోయినసారి పరీక్షలో తనని ముంచిన చోటు. మూత కొట్టడం వేరు, ఇక్కడ కొట్టడం వేరు. ఇది తెలుసుకోకుండా ఇంటికి పోతే ఆ రాత్రి నిద్ర రాదని ఆమెకి తెలుసు.

బంతి పెట్టింది. గుడిసె వైపు తిరక్కుండానే అడిగింది. "నేను చూడకపోతే బంతి ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"మళ్ళీ నుదుటికి చెయ్యి పెట్టండి," అంది. మీరు అని అనేసిన సంగతి ఆమె గమనించలేదు. సెలో గమనించాడు.

అతను తన బ్యాగు గడ్డిలో దింపి, ఎదురుగా వచ్చి, కర్ర తగలనంత దూరంలో చెయ్యి చాపి, ఆమె నుదుటికి అరచెయ్యి ఆనించాడు. ఆమె ఊపింది. ఇనుముకి బంతి తగిలిన చప్పుడు ఎప్పటిలా గరగరమనలేదు. మెత్తగా, పండు కోసినట్టు వినిపించింది. ఆమె కళ్ళు బంతి ఉన్నచోటే ఉన్నాయి, గడ్డి కింద నల్లటి మట్టి చిన్న పెచ్చు లేచి కనబడింది. మెడ ఊరుకుంది. ఎక్కడ ఎక్కడ ఎక్కడ అని లోపల మనిషి అరుస్తున్నా ఊరుకుంది.

"దాటింది," అన్నాడు సెలో. "జెండాకి కుడివైపు, నున్నటి గడ్డి అంచున." ఆ తర్వాత అతని చెయ్యి ఆమె నుదుటి మీదే ఆగిపోయింది.  "బంతి పక్కన మనుషులున్నారు."

అప్పుడు తలెత్తింది నెలియా.

లోయ అవతల, జెండా పక్కన, మూడు గొడుగులు. పిడుగుల్లో ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చిన షెడ్డు ఆడవాళ్ళు. ముందున్నది అతె ఫే. చేతిలో టిఫిన్ క్యారేజీ.

అక్కణ్ణుంచి వాళ్ళకి ఏం కనబడి ఉంటుందో నెలియాకి ఒక్క క్షణంలో అర్థమైంది. మా దగ్గర పెద్దవాళ్ళు ఎదురుపడితే వాళ్ళ చెయ్యందుకుని నుదుటికి తాకించుకుంటాం. అదే మా దణ్ణం, అదే దీవెన. సమ్మె తర్వాత చర్చి మెట్ల మీద పసిపిల్లలు కూడా సెలో చెయ్యి అందుకోలేదు. తల్లులే వెనక్కి లాగేశారు. ఇవాళ ఆ చెయ్యి సంఘం అధ్యక్షురాలి నుదుటి మీద ఉంది. ఆమె తల వంచి నిలబడి ఉంది.

లోయ మీద తాళ్ళ వంతెన ఊగుతూ ఉంటుంది. నెలియా దాన్ని దాటుతుంటే కింద బురదనీళ్ళ హోరు. వెనక్కి పోయే దారి లేదు. అటు చివర వాళ్ళున్నారు. అడుగడుక్కీ ఒక అబద్ధం ఆమె నాలుక చివరికొచ్చింది. కంట్లో నలక పడిందని చెప్పొచ్చు. ముసలాడు పిచ్చిపట్టి మీదికొచ్చాడని చెప్పొచ్చు. వాళ్ళు నమ్ముతారు. నమ్మాలనే చూస్తున్నారు. అలా చెప్తే ఇక సెలో దగ్గరికి పోయే వీలుండదు, వారం తిరక్కుండా మెడ మళ్ళీ మేనేజరు చేతిలోకి పోతుంది. నిజం చెప్తే రూలు ఉంది. సంఘంలో లేని మనిషిని సంఘం పరీక్షకి పంపదు.

అతె ఫే బంతి పక్కనే నిలబడి ఉంది. అది సెలో చెప్పిన చోటే ఉంది.

 అతె ఫే కేకలెయ్యలేదు. ఆమె కేకలేసి ఉంటే నెలియాకి తేలికగా ఉండేది. కింద బంతి వైపు గడ్డంతో చూపించి, ఇది నీదేనా అని అడిగింది. నాదేనంది నెలియా.

"లోయ దాటించావు."

"దాటించాను, అతె."

"ఎవరు నేర్పారు?"

తుంపర గొడుగుల మీద టపటపమంటోంది. నెలియా ఆమె మొహంలోకి చూసింది. సమ్మెలో గంజి పోసిన చేతులు, పోలీసులు టార్పాలిన్ పీకినప్పుడు గుంజ పట్టుకుని వేలాడిన చేతులు, క్యారేజీ పిడి మీద బిగుసుకుని ఉన్నాయి.

"మాంగ్ సెలో," అంది నెలియా, పెద్దాయన అన్న మర్యాద చేర్చే. "నా మెడలో జబ్బుంది. అది మీకెవరికీ కనబడలేదు, నాకూ కనబడలేదు, ఆయనకి కనబడింది. ఆయన చేసింది నేను మర్చిపోలేదు. రూలు నేనడిగిందే, మర్చిపోలేదు. రేపు కూడా ఆయన దగ్గరికి పోతాను. పరీక్షదాకా పోతాను."

  అతె ఫే వంగింది. ఆటలో ఉన్న బంతిని క్యాడీ ముట్టుకోదు. తల తెగినా ముట్టుకోదు. అతె ఫే ఈ పనిలోకి వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా ముట్టుకుని ఉండదు. ఇవాళ ఆ బంతిని తీసి, ఎప్రానుకి తుడిచి, జేబులో వేసుకుంది.

"సాయంత్రం షెడ్డులో అందరినీ పిలుస్తున్నా," అంది. "నువ్వు ఇక్కడ చెప్పిందే అక్కడ చెప్పు. ఆ తర్వాత చేతులెత్తిస్తా."

"వస్తాను."

"నువ్వొక్కదానివి కాదు. వాణ్ణి కూడా తీసుకురా. నీ మెడలో ఏముందో మా అందరి ముందూ వాడి నోటితో చెప్పాలి. వాడు రాకపోతే చేతులెత్తాల్సిన పని కూడా లేదు. పరీక్షకి వేరే పేరు పంపుతాం."

గేటు దాటిన రోజు నుంచీ సెలో ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. పెడితే ఏం జరుగుతుందో అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. నెలియా వంతెన వైపు తిరిగింది. పిలుద్దామని చెయ్యెత్తింది.

లోయ అవతల ఎవరూ లేరు. గుడిసె ఖాళీ. దారి ఖాళీ. గడ్డిలో సెలో బ్యాగు పక్కకి ఒరిగి పడి ఉంది. దాని నోట్లోంచి కర్రలన్నీ బురదలోకి జారిపోయి ఉన్నాయి. కాళ్ళు మళ్ళీ వాటంతటవే పోయాయో, ఇంకేమైనా అయిందో వచ్చేవారం చెప్తాను.